ఓపెన్‌కాస్టయిన పాట

గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ అంటే ఎవరికైనా తెలిసింది రెండే. ఒకటి మా అబ్బాలు దిగిన బాయి. ఇంకొకటి అన్నలు పోయిన అజ్ఞాతం. మాకు మూడోది కూడా ఉండేది. క్వార్టర్ వెనక గదిలో టూ ఇన్ వన్ ముందు ముడుచుకుని కూచుని, సౌండ్ రెండో గీత దాటకుండా విన్న కవ్వాలీ.

సౌండ్ ఎందుకు తగ్గించాలో బాయిల మధ్య పెరిగిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పొద్దున పడుకుంటాడు. గోడకు ఇటు మా అబ్బా, అటు పక్క క్వార్టర్ కాకా. ఒక్కరి నిద్ర చెడితే రెండిండ్లలో తిట్లు. అదొక కారణం. రెండో కారణం 1992లో వచ్చింది.

మేం అంటే ఐదారుగురం. 1980ల చివర టెన్తూ ఇంటరూ చదువుతున్న సింగరేణి కార్మికుల పిల్లలం. అందరం ముస్లింలమే, అయినా అందరం ఒకటి కాదు. ఇద్దరి ఇండ్లలో ఉర్దూ. అది హైదరాబాద్ చుట్టాలు విని నవ్వే ఉర్దూ, సగం తెలుగు, సగం బాయి భాష. మిగిలిన వాళ్ళం దూదేకులోళ్ళం. ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట లేదు. పేరు చెప్తే హిందువులకు తురకోళ్ళం. నోరు తెరిస్తే ఉర్దూ సాయిబులకు తురకోళ్ళం కాకుండా పోతాం. బడిలో ఒక నవ్వు, మసీదులో ఒక నవ్వు.

సంగీతం రూహ్‌కు గిజా అంటారు మా పెద్దలు. ఆత్మకు తిండి. ఆ మాటకు అర్థం తెలియకముందే మాకు ఆ తిండి దొరికింది. నోటికొచ్చిన సూరాలకు అర్థం తెలియనట్టే కవ్వాలీలో మాటలకూ తెలియదు. అయినా ఒళ్ళు ఊగేది. ఉర్దూ ఇంటి వాడు క్యాసెట్ ఆపి ఆపి ఒక్కో మాటకు అర్థం చెప్పేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే వాడికీ సగమే తెలుసు. మిగతా సగం కల్పించి చెప్పాడు. దూదేకుల పిల్లలం ఉర్దూ నేర్చుకున్నది ఆ క్యాసెట్ల దగ్గరే. మేం కూడా ముస్లింలమేనని ఎవరి సర్టిఫికెట్ లేకుండా మాకు మేం అనుకోగలిగిన చోటు అదొక్కటే.

దానికంటే ముందు కాజీపేట. అఫ్జల్ బియాబానీ దర్గా. సఫర్ నెలలో ఉర్సు. రామగుండంలో ప్యాసింజరెక్కితే పెద్దపల్లి, ఓదెల, జమ్మికుంట దాటి కాజీపేట. సద్దికట్టిన జొన్నరొట్టెలు రైల్లోనే అయిపోయేవి. దర్గాలో కొబ్బరికాయలు పట్టుకున్న హిందూ ఆడవాళ్ళు మా అమ్మల కంటే ముందు వరసలో ఉండేవాళ్ళు. రాత్రి ఇషా తర్వాత కవ్వాలీ మొదలైతే ఫజర్ అజాన్ దాకా. హార్మోనియం, ఢోలక్, ఆరేడుగురి చప్పట్లు. ఎవరో ముసలాయన లేచి తిరిగేవాడు. ఆయన ఏ మాట దగ్గర లేచాడో కవ్వాల్ ఆ మాట దగ్గరే ఆగిపోయేవాడు. ఆయన కూచునేదాకా అదే మాట, మళ్ళీ అదే మాట. పాట వినేవాడి కోసం ఆగుతుందని మేం మొదట చూసింది అక్కడే.

మాలో ఒకడి అబ్బా టింబర్‌మన్. బాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. కర్ర పెట్టేముందు రాడ్‌తో కప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే పక్కకు జరగాలి. ఆ చెవిని నమ్ముకుని ముప్పై ఏండ్లు బతికాడు. పాట పాడటం రాదు ఆయనకు. కవ్వాలీలో ఒక్కడి చప్పట్లు తప్పినా కండ్లు మూసుకునే, ‘డొల్ల’ అనేవాడు. అంతకు మించిన సంగీత విమర్శ మేం ఇప్పటిదాకా ఏ పత్రికలోనూ చదవలేదు.

చౌరస్తా దగ్గర క్యాసెట్లు రికార్డు చేసిచ్చే దుకాణం ఒకటి ఉండేది. ఇస్మాయిల్ ఆజాద్, హబీబ్ పెయింటర్, అజీజ్ నాజా, సాబ్రీ బ్రదర్స్, మన హైదరాబాద్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. వార్సీ సాబ్‌కు 1971లోనే పద్మశ్రీ వచ్చిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. శంకర్ శంభు హిందువులని తెలిసినప్పుడు మాత్రం మేం నమ్మలేదు. ఆ గొంతులు అల్లా రసూల్ అని అంత తడిగా ఎట్లా పలికాయి? మాలో ఒకడికి కొంచెం కోపం కూడా వచ్చింది. అది ఏ రకం కోపమో మాకు తర్వాత తెలిసింది. మా మీద వేరేవాళ్ళు పడుతుంటే చూశాం కదా.

నుస్రత్ ఫతే అలీ ఖాన్ గల్ఫ్ నుంచి వచ్చాడు. అంటే ఆయన కాదు, ఒక మామ సెలవుకొస్తూ తెచ్చిన క్యాసెట్. కరీంనగర్ జిల్లా పల్లెల్లో అప్పటికే సగం మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్ళు. ఆ క్యాసెట్‌కు కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ. పాట కంటే రొద ఎక్కువ. ఆ రొదలోంచి ఒక గొంతు పైకి లేచి, ఇక ఊపిరి చాలదు అనుకున్న దగ్గర ఇంకో మెట్టు ఎక్కేది. హాలర్ తాడు బొగ్గు టబ్బుల్ని చీకట్లోంచి పైకి లాగినట్టు. మొత్తం ఖనిలో నుస్రత్ మాకు తప్ప ఎవరికీ తెలియదని మా గర్వం. అది నిజం కాకపోవచ్చు. మేం నిజమనే అనుకున్నాం. కొత్తవాడికి వినిపించే ముందు వాడి మొహం చూసి, అర్హత ఉందా లేదా అని తేల్చేవాళ్ళం. ఆ వయసులో మాకు వేరే ఆస్తి లేదు మరి.

మా రేకు పెట్టెలో అడుగున ఇంకో రకం క్యాసెట్లు ఉండేవి. జననాట్యమండలివి. పోలీసులొస్తే దాచాల్సినవి. కవ్వాలీలు పైనే ఉండేవి, వాటికి భయం లేదు. 1992 డిసెంబర్ 6 తర్వాత అవి కూడా అడుగుకు పోయాయి.

బాబ్రీ మసీదు కూలిన వారానికి అనుకుంటాం, పక్క క్వార్టర్ కాకా గడపలో నిలబడి మెల్లగా అన్నాడు. “బిడ్డా, జర మెల్లగ పెట్టుకోండ్రి ఆ పాటలు. లైన్ల అందరు ఒక్క తీరుగ ఉండరు.” ఆయన మంచివాడు. మా అబ్బాతో ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పని చేసినవాడు. రంజాన్‌కు సేమియా మా ఇంట్లోంచి పోకపోతే అలిగేవాడు. ఆ మాట భయపెట్టడానికి అనలేదు, మాకోసం భయపడి అన్నాడు. అయినా ఆ రోజు నుంచి ఆ గోడ మాకు కొంచెం మందమైనట్టనిపించింది. అబ్బా లేచి టూ ఇన్ వన్ బంద్ చేశాడు. ‘కొద్ది రోజులు వద్దు బేటా’ అన్నాడు. ఎన్ని రోజులో చెప్పలేదు.

ఏడాదిన్నర గడిచింది. 1994లో ‘మోహ్రా’ సినిమా వచ్చింది. పెండ్లి బరాత్ బ్యాండుల్లో, ఆర్టీసీ బస్టాండు హోటళ్ళలో, మా లైన్‌లో ప్రతి రెండో ఇంట్లో ‘మస్త్ మస్త్’. మొదట మేం ఎగిరి గంతేశాం. మా నుస్రత్! ‘ఇది మాది’ అని కనిపించిన వాడికల్లా చెప్పాం. ఎవడూ నమ్మలేదు, ఎవడికీ పట్టలేదు. తర్వాత మాటలు విన్నాం. కలందర్ లేడు. అలీ లేడు. సింధ్‌లో సెహ్వాన్ అనే ఊళ్ళో పండుకున్న లాల్ షాబాజ్ కలందర్ కోసం శతాబ్దాలుగా ఊగిన పాటలో ఇప్పుడు ఒక ఆడపిల్లను ‘చీజ్’ అంటున్నారు. వస్తువు. మరుసటేడు ‘యారానా’లో ఇంకో పాట. మా ఇంట్లో రెండో గీత దాటకూడదన్న సంగీతం ఇప్పుడు మైకులో ఊరంతా మోగుతోంది. పాటకు భయం పోయింది. మాకు పోలేదు.

న్యాయంగా చెప్పాలంటే బొంబాయి వాళ్ళ మీదే అంతా తోసేయలేం. నుస్రత్ 1985లోనే ఇంగ్లండ్‌లో వోమాడ్ ఉత్సవంలో తెల్లవాళ్ళ ముందు పాడాడు. 1990లో ‘మస్త్ మస్త్’ ఆల్బమ్‌లో డ్రమ్ములూ గిటార్లూ ఆయన ఒప్పుకునే వచ్చాయి. దాన్ని మాసివ్ అటాక్ అనే బృందం క్లబ్బుల్లో ఆడే పాటగా మార్చింది. ఆయన దర్గా దాటి పోదామనే అనుకున్నాడు. ఎక్కడో గోదావరి ఒడ్డున ఐదారుగురు కుర్రాళ్ళు తనని రేకు పెట్టెలో దాచుకోవాలని ఆయన ఎందుకు కోరుకుంటాడు? 1997 ఆగస్టు 16న ఆయన పోయినప్పుడు మేం ఆ పాత కాపీ పెట్టుకున్నాం. అది అప్పటికి ముప్పావు రొదే.

ఇంగ్లండ్‌లో విగన్ అని ఒక ఊరుంది. మా ఖనిలాగే బొగ్గు తవ్విన ఊరు. ఈ మధ్యే దాని గురించి చదివాం. 1973 నుంచి 1981 దాకా అక్కడ క్యాసినో అనే డాన్స్ హాల్లో కార్మికుల పిల్లలు అమెరికా నల్లవాళ్ళ సోల్ పాటలకు తెల్లారేదాకా ఆడేవాళ్ళు. సోల్ అన్నా రూహ్ అన్నా ఒకటే కదా. అమెరికాలోనే ఎవరూ కొనని రికార్డులు వెతికి తెచ్చి, పక్కవాడికి పేరు తెలియకుండా లేబుల్ మీద కాగితం అంటించేవాళ్ళట. చదువుతూ నవ్వుకున్నాం. గ్లోరియా జోన్స్ 1960లలో పాడిన పాట ఒకటి అట్లా వాళ్ళ దగ్గర బతికింది. 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం దాన్ని మళ్ళీ పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. పాత అభిమానుల కడుపు ఎట్లా మండి ఉంటుందో మాకు తెలుసు. కాకపోతే విగన్ పిల్లలు తెల్లవాళ్ళు. పాట చేజారినా తెల్లారి వాళ్ళను ‘మీది ఏ దేశం’ అని వాళ్ళ ఊళ్ళో ఎవరూ అడగలేదు.

మమ్మల్ని అడిగారు. 1999లో రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మూతపడింది. బాయిల్లో కొత్త ఉద్యోగాలు ఆగిపోయాయి. మేం తలా ఒక దిక్కయ్యాం. ఎక్కువమందిమి హైదరాబాద్. 2008లో ‘జోధా అక్బర్’ వచ్చింది. రహమాన్ ‘ఖ్వాజా మేరే ఖ్వాజా’ పాడాడు. దాన్ని మేమూ ప్రేమించాం, అబద్ధమెందుకు. ఆ రోజుల్లోనే మాలో ఒకడు అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఒక గేటు ముందు నిలబడ్డాడు. టు లెట్ బోర్డు ఉంది. ఇంటాయన మర్యాదస్తుడు. కూచోబెట్టి చాయ్ ఇప్పించాడు. పేరు అడిగాడు. మావాడు చెప్పాడు. అదే సమయానికి ఆయన ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఖ్వాజా గరీబ్ నవాజ్ పాట. ఆయన తీయలేదు. అది మోగి మోగి ఆగింది. అప్పుడు చెప్పాడు, ‘మా ఇంట్లో వాళ్ళు ఒప్పుకోరండీ, ఏమీ అనుకోకండి.’ మావాడు చాయ్ మొత్తం తాగి వచ్చాడు. వదిలేస్తే కోపమొచ్చిందనుకుంటారని తాగాడట.

ఇది చెప్తే కొందరు సెక్యులర్ మిత్రులకు కష్టమనిపిస్తుంది. సూఫీ సంగీతం మనసుల్ని కలుపుతుంది కదా అంటారు. కలపొచ్చు. మాకు కనిపిస్తున్నది ఏంటంటే ‘సూఫీ’ అనే మాట ఒకటి ఇప్పుడు చాలా పనికొస్తోంది. ముస్లిం అనకుండా ముస్లిం దాన్ని ఇష్టపడటానికి. సూఫీ నైట్, సూఫీ రాక్, సూఫీ ఫ్యూజన్. మా కాజీపేట ముసలాయన తానెప్పుడూ సూఫీనని చెప్పుకోలేదు. తురకాయన అనే అన్నారు ఆయన్ని.

మా లోపలి సంగతి కూడా దాచిపెట్టం. ఇదే కాలంలో మా బస్తీల్లో ఇంకో గొంతు పెరిగింది. దర్గాకు పోవడం షిర్క్, కవ్వాలీ హరాం, పీర్లు ఎత్తడం జాహిలియత్. మా అన్నదమ్ముల పిల్లలే చెప్తున్నారు. మా నానమ్మ పీర్ల గుండం దగ్గర మొక్కిన మొక్కుకు పుట్టినవాడే మమ్మల్ని తౌబా చేయమంటాడు. వాడికి అరబీ ఉచ్చారణ బాగా వచ్చు. మేం బదులు చెప్పేలోపే మా దూదేకుల తెలుగు మాకు అడ్డమొస్తుంది. ఈ దారి చివర ఏముందో సరిహద్దు అవతల చూశాం. 2016 జూన్‌లో కరాచీ నడిరోడ్డు మీద అమ్జద్ సాబ్రీని కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరిలో సెహ్వాన్‌లో, ఆ మస్త్ కలందర్ దర్గాలోనే, ధమాల్ జరుగుతుండగా బాంబు పేలి 80 మందికి పైగా పోయారు. ఇటు పాటను మా నుంచి విడదీసి ప్రేమిస్తున్నారు. అటు మమ్మల్ని పాట నుంచి విడదీసి శుద్ధి చేస్తున్నారు.

ఇంత చెప్పాక మా సంగతి కూడా. మేం పాడైన అభిమానులం. 2011లో ‘రాక్‌స్టార్’ వచ్చాక కాకా మనవరాలు ఇంజనీరింగ్ కాలేజీ వేదిక మీద ‘కున్ ఫయాకున్’ పాడింది. వీడియో చూసి మేం వంక వెతికాం. ఖాఫ్ సరిగా పలకలేదన్నాం. (మేం పలుకుతామా?) ఆ పిల్ల ఫోన్ చేసి అడిగింది. “బాబాయ్, కున్ ఫయాకున్ అంటే ఏంది? మీకు తెలుస్తది కదా.” మాకు తెలియదు. యాసీన్ సూరా చిన్నప్పటి నుంచి ఎవరు చనిపోయినా చదివాం. చివర్లో ఆ మాట ఉంది. ‘అయిపో’ అంటే అయిపోతుంది, సృష్టి అంతా ఆ ఒక్క మాటతో అని అర్థం. తెలుగు ఖురాన్ తెరిచి వెతికి చెప్పాం. సినిమా పాట పాడిన హిందూ పిల్ల అడిగితే మా సూరాకు మాకు అర్థం తెలిసింది. ఆ రోజు నుంచి ‘పాట మాది’ అనేముందు కొంచెం ఆగుతున్నాం.

కాజీపేటకు మళ్ళీ పోయాం కొన్నేండ్ల కింద. కవ్వాల్ పాత కలాం ఎత్తుకున్నాడు. ముందు వరసలో కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి, రహమాన్ పాట కావాలన్నారు. ఆయన ఒక్క క్షణం హార్మోనియం మీద వేళ్ళు ఆపి, అదే పాడాడు. నోట్లు పడ్డాయి. ఉర్సు పాట సినిమాకు పోయి, సినిమా పాటై ఉర్సుకు వచ్చింది. తర్వాత చాయ్ దగ్గర ఆయన్ని అడిగాం, బాధ లేదా అని. పిల్ల పెండ్లి ఉంది అన్నాడు. మాకు అడగడానికి ఇంకేం మిగలలేదు.

ఖనిలో ఇప్పుడు అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. బొగ్గు ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌లలోంచే వస్తోంది. 1990 నాటికి సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు దాదాపు నలభై వేలు. బొగ్గు మాత్రం అప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. భూమిని పైనుంచి తెరిచేస్తే అంతే. చీకట్లోకి దిగేవాడు అక్కర్లేదు, కప్పును తట్టి వినేవాడు అక్కర్లేదు. ఊరి పక్కన ఓబీ మట్టి గుట్టలు లేస్తాయి. మా పాట కూడా ఓపెన్‌కాస్టయింది. లక్షలమంది వింటున్నారు. మొన్న ఒక ఊరేగింపులో డీజే బాక్సుల మీద ‘దమాదం మస్త్ కలందర్’ రీమిక్స్‌కు కుర్రాళ్ళు చెమటలు కక్కేలా ఆడుతున్నారు. మేం రోడ్డు పక్కన నిలబడి చూశాం. కాళ్ళు మాకూ ఆడాయి. మసీదు మలుపు దగ్గరికి రాగానే డీజే పాట మార్చాడు. ఏం పెట్టాడో ఇక్కడ రాయం. ఆడిన కాళ్ళు అవే, బాక్సులు అవే.

2025 ఏప్రిల్‌లో పహల్గాంలో టూరిస్టులను చంపారు. చంపినవాళ్ళ మీద మాకు ఎవరికంటే తక్కువ కోపం లేదు. ఈ వాక్యం కూడా మేం విడిగా రాయాల్సి వస్తోంది చూడండి. మేలో పాకిస్తాన్‌లో తయారైన పాటలూ సినిమాలూ ఆపేయమని కేంద్ర ప్రభుత్వం ఓటీటీలకు సూచన ఇచ్చింది. మా ఫోన్లలో పేర్చుకున్న పాటల్లో కొన్ని బూడిద రంగుకు మారాయి. నొక్కితే మోగవు. బొంబాయి నకళ్ళు మాత్రం హాయిగా మోగుతున్నాయి. పాట మళ్ళీ అండర్‌గ్రౌండ్‌కు పోయిందా అని మాలో ఒకడు జోక్ చేశాడు. వాడు రేకు పెట్టె ఇంకా దాచినవాడు.

ఆ పెట్టె, ఆ టూ ఇన్ వన్ పట్టుకుని కాకాను చూడటానికి పోయాం. ఎనభై దాటాయి ఆయనకు. దమ్ము ఎక్కువైంది, మంచం దిగడం లేదు. మా అబ్బా పోయి తొమ్మిదేండ్లు. క్యాసెట్‌లో పెన్సిల్ పెట్టి తిప్పుతుంటే చూసి నవ్వాడు.

“అందులో ఒక పాట ఉంటుండె. మొదలు చప్పట్లే వస్తయి, చాన సేపు. తర్వాత మనిషి అందుకుంటడు. అది పెట్టు.”

“నీకెట్ల తెలుసు కాకా? నువ్వు నైట్ షిఫ్ట్ చేసి పడుకునేటోనివి కదా.”

“పండేదెక్కడిది రా. గోడకు చెవి పెట్టి వినేటోణ్ణి.”

ఏ పాటో మాకు అర్థం కాలేదు. కాకా మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. రెండు మూడు క్యాసెట్లు తిప్పి చూశాం. ఒకటి టేపు తెగింది. ఒకదాంట్లో రొద తప్ప ఏమీ లేదు. ఫోన్‌లో వెతికాం, దొరకలేదు. కాకా ఇంకా కొడుతూనే ఉన్నాడు. మేం ఆయన వేళ్ళ దగ్గరికి జరిగి వింటున్నాం.